శ్రీహరికోట వాయనం

మన నోముల్లో ఒకరు "ఇస్తినమ్మ వాయనం" అంటే, అవతలివారు "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి. ఆ రెండో మాట పలికితేనే వాయనం చెల్లినట్టు. దేశాల మధ్య ఆ రెండో మాట ఎంత కష్టమో శ్రీహరికోట చూసింది. (నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ దీవి 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాది. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు రాకెట్ నమూనాతో తిరుమల కొండెక్కే ఆనవాయితీ అంతకు ముందే ఉన్నది కనుక, చుట్టరికం కొత్తది కాదు.)

2014 జూన్ 30న పీఎస్ఎల్‌వీ-సీ23 ప్రయోగం చూడవచ్చిన ప్రధాని మోదీ, సార్క్ దేశాలకు కానుకగా ఒక ఉపగ్రహం తయారుచేయమని శాస్త్రవేత్తలను కోరారు. ఆ నవంబరులో ఖాట్మండు శిఖరాగ్ర సభలో మాట కూడా ఇచ్చారు. 2016లో పాకిస్తాన్ తప్పుకున్నది. తమకు సొంత అంతరిక్ష కార్యక్రమం ఉన్నదనీ, కలిసి నిర్మించటానికి భారత్ ఒప్పుకోలేదనీ వారి వాదన. సార్క్ నిర్ణయాలకు అందరి సమ్మతీ కావాలి. దానితో సార్క్ ఉపగ్రహం కాస్తా దక్షిణాసియా ఉపగ్రహమైంది.

సొంత కార్యక్రమమన్న మాటకు మనవాళ్ళు చాలామంది నవ్వారు. వారి పాక్‌శాట్-1ఆర్‌ను 2011లో చైనాయే నిర్మించి, చైనాయే ప్రయోగించింది మరి. కాని నాకు ఆ నవ్వు అంత సులభంగా రాదు. 1962 జూన్ 7న సోన్‌మియానీ నుంచి పాకిస్తాన్ ఎగరేసిన రహబర్-1 అమెరికా సాయంతో లేచింది. 1963 నవంబరు 21న తుంబా నుంచి మనం ఎగరేసిందీ అమెరికా రాకెట్టే. చేయి చాచటంలో ఇద్దరమూ ఒకే బడి పిల్లలం. వాళ్ళు ఏడాదిన్నర ముందు చేరారు, అంతే.

అసలు సంగతి క్రయోజనిక్ ఇంజనుది. 1991లో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇంజన్లతో పాటు వాటి విద్య కూడా మనకు రావాలి. అమెరికా ఒత్తిడికి తలొగ్గి 1993లో రష్యా ఇంజన్లు మాత్రం ఇస్తానన్నది. వస్తువు ఇస్తాం, విద్య ఇవ్వం! ఆ చేదు మింగి మనవాళ్ళు స్వయంగా నేర్చుకోవటానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. సొంత క్రయోజనిక్ దశతో జీఎస్ఎల్‌వీ తొలిసారి గెలిచింది 2014 జనవరిలో. 2,230 కిలోల ఈ కానుకను 2017 మే 5 సాయంత్రం 4.57కు మోసుకెళ్ళిన జీఎస్ఎల్‌వీ-ఎఫ్09లో ఉన్నదీ ఆ సొంత దశే.

ఉపగ్రహానికే సుమారు 235 కోట్లు ఖర్చుపెట్టి మనం పొరుగువారికి ఇచ్చింది కూడా వస్తువే. పాకిస్తాన్ అడిగినది పాలు పంచుకోవటం. అడగటంలో కపటం లేదని నేననను. పఠాన్‌కోట జరిగిన ఏడాదిలో ఆ నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? అయినా 1993 నాటి అవమానం ఎరిగిన మనకు ఆ అభ్యంతరం బొత్తిగా అర్థం కానిదైతే కాదు.

మిగిలిన ఆరుగురూ పుచ్చుకున్నారు. ఉన్న పన్నెండు ట్రాన్స్‌పాండర్లలో ఒక్కో దేశానికి కనీసం ఒకటి. ప్రయోగం రోజున ఘనీ, హసీనా, తోబ్గే, యమీన్, ప్రచండ, సిరిసేన వీడియోలో కలిసి ధన్యవాదాలు చెప్పారు. 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసిన సార్క్ శిఖరాగ్ర సభ ఉరీ దాడి తరువాత రద్దయింది. ఖాట్మండు తరువాత అటువంటి సభ మళ్ళీ కూడలేదు.