గేరి ఉపదేశి: శిక్షణ మిషన్‌ది, ఆకలి మనది (ఏడో భాగం)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అనంతపురం పల్లెల్లో ఇన్ని సంఘాలు పుట్టాయంటే అంతమంది దొరలు వచ్చారా అన్నా?" రాలేదు. దొర ఎప్పుడో ఒకసారి బండి కట్టుకుని గేరికి వస్తే అదే గొప్ప. మిగతా దినాలు సంఘాన్ని నిలబెట్టింది ఉపదేశి. అంటే మనోడే. కొన్నాళ్లు మిషన్ దగ్గర అక్షరాలు, వాక్యం, పాటలు నేర్చుకుని, పగలు పిల్లలతో పలక మీద దిద్దించి, రాత్రి దీపం పెట్టి ప్రార్థన నడిపినవాడు.

లండన్ మిషన్ 1810లో బళ్లారికి, 1822లో కడపకు వచ్చింది. అనంతపురం అప్పటికి బళ్లారిలో భాగం. 1882లో గానీ వేరే జిల్లా కాలేదు. ఆ శతాబ్దం చివరికి గుత్తి, అనంతపురం కూడా మిషన్ కేంద్రాలయ్యాయి. 1851 నుంచి కడప వైపు మాలలు ఒక్కొక్కరుగా కాదు, గేరికి గేరి చేరడం మొదలుపెట్టారు. ప్రతి గేరికీ ఒక మనిషి కావాలి. గేరిలో కాపురం పెట్టడానికి ఒప్పుకునే పైకులపు పంతులు ఎక్కడ దొరుకుతాడు? కాబట్టి గేరి పిల్లోడినే తయారుచేయాల్సి వచ్చింది. దయతో పాటు అవసరం కూడా ఉంది అందులో.

మనోళ్లు ఉత్త మట్టిముద్దలైతే మిషన్ మనుషుల్ని చేసిందన్నట్టు కొందరు రాస్తారు. నేనొప్పుకోను. రాత్రిపూట పదిమందిని కూర్చోబెట్టి తత్వాలు పాడి, అర్థం చెప్పే విద్య ఈ సీమలో ముందునుంచీ ఉంది. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్యను జనం ఇప్పటికీ తలుచుకుంటారు. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘానికి పునాది వేసిన మాదిగ బోధకుడు ఎర్రగుంట్ల పేరయ్య, క్రైస్తవుడు కాకముందే యోగ మార్గంలో నడిచినవాడు. మిషన్ ఇచ్చింది పుస్తకం, బడి. అవి చిన్నవి కావు. కానీ గొంతు మాత్రం మనదే.

ఇక 1876-78 కరువు. బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలు ఎముకల గూళ్లయ్యాయి. కోస్తాలో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కంట్రాక్టు తీసుకుని, తన బోధకుల్నే కూలీల మీద మేస్త్రీలుగా పెట్టాడు. పైకులపు మేస్త్రీ తిట్లు లేకుండా మాదిగ కూలి మాదిగ మేస్త్రీ కింద పనిచేశాడు. పని సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు దొర. ఆగాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో మునిగారు. ఆ వేలమంది తర్వాత ఎవరి చేతికి? మళ్లీ ఉపదేశుల చేతికే. 1872లో మొదలైన రామాయపట్నం సెమినరీ అందుకే అంత ముఖ్యమైంది.

శిక్షణ సరే, పోషణ ఎవరిది? ఇక్కడే అసలు తగువు. మిషన్ డబ్బు తగ్గే కొద్దీ "స్వయం పోషణ" అన్నారు. వంట చేసే ప్రతిసారీ ఆడవాళ్లు పిడికెడు బియ్యం పక్కన పెట్టాలి. దోర్నకల్ బిషప్ అజరయ్య 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాక, ఉపదేశితో పాటు అతని భార్యకూ చదువు చెప్పించాడు, మాల మాదిగలకు గురువులుగా అభిషేకం ఇచ్చాడు. ఆయన మీద నాకు గౌరవమే. కానీ పిడికెడు లెక్క చెరువు కింద వరి పండే ఊళ్లో ఒక రకం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే అనంతపురంలో ఇంకో రకం. మా జేజి సంగటికి పిండి తీసేటప్పుడు ముందు పిడికెడు పక్కన పెట్టేది. వానలు రాని ఏడు ఆ పిడికెడు మా పళ్లెంలోంచే పోయేది. ఉపదేశి పిల్లలు మాకంటే ఎండిపోయి ఉండేవాళ్లు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, దొరలు పోయారు. పైమెట్టు చదువులకు 1964లో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వచ్చింది. గేరిలో మాత్రం ఇవాళ్టికీ ఆదివారం బడి చెప్పే పిల్ల, పాటలు నడిపే పిల్లోడు జీతం లేని వాలంటీర్లే. మూడు రోజుల ట్రైనింగ్, ఒక సర్టిఫికెట్, ఒక బ్యాగు. వేరుశనగ ఎండిపోతే అదే పిల్లోడు బెంగళూరు కట్టడం పనికి పోతాడు. తిరిగొచ్చేదాకా ఆదివారం బడి మూతే. అతని ఇంటి బియ్యం సంగతి ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు అడగరు.

ఇంకోటుంది, పైకి మాట్లాడరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాల, మాదిగ ఎస్సీ కాదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తీశారు, మనకు తీయలేదు. ఆంధ్రాలో బీసీ-సి, 1 శాతం. అట్రాసిటీ చట్టం కూడా వర్తించదంటారు. అందుకే బాగా సేవ చేసే పిల్లలు రిజిస్టర్‌లో పేరు రాయొద్దంటారు. నాకు తెలిసినోళ్లే పదిమంది ఉన్నారు. వాళ్లది పిరికితనం అనే పాస్టర్లను చూశాను. అలా అనే ముందు ఆ పిల్లోడి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎవరు కడతారో చెప్పాలి. నూటయాభై ఏళ్ల కింద ఉపదేశి పేరు మిషన్ రిపోర్టులో "ఒక స్థానిక సహాయకుడు" అయింది. ఇప్పుడు వాలంటీరే తన పేరు తాను దాచుకుంటున్నాడు.

మీ ఇళ్లల్లో తాతల పాటల పుస్తకాలు, జీతం చీటీలు, పాత సంఘ రిజిస్టర్లు ఉంటే ఫొటో తీసి పంపండి. చెదలు తినకముందే రాసుకుందాం. వచ్చే భాగం బైబిలు స్త్రీల గురించి.