హంపీ శిథిలములు – ఛాయాచిత్రముల సాక్ష్యము

2017లో వెలువడిన ఏబది రూపాయల నోటు వెనుకవైపున నొక రాతి రథము కలదు. అది విజయనగరమున విఠలాలయ ప్రాంగణములోని గరుడ మందిరము. నోటుపై దాని తల చదునుగా నుండును. హంపీకి పోయినవారికిని అట్లే కనబడును. శిల్పి దానిని అట్లే నిర్మించెనని తలచుట సహజమే. కాని 1856లో తీసిన ఛాయాచిత్రమున ఆ రథముపై ఇటుకలతో గట్టిన శిఖరము నిలిచియున్నది.

ఆ చిత్రమును దీసినవాడు మద్రాసు సైన్యాధికారియగు అలెగ్జాండర్ గ్రీన్‌లా. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము పాడువడిన నగరమున, సుమారు మూడు శతాబ్దములు గడచిన పిదప, ఆతడు పెద్ద కెమెరాతో దిరిగి అరువదికి పైగా చిత్రములు దీసెను. అంతకు మునుపు 1799లో కాలిన్ మెకంజీ ఆ శిథిలములకు పటము వ్రాయించెను. మన యేలూరివాడగు కావలి వేంకట బొర్రయ్య ఆ మెకంజీ కొలువుననే శాసన పరిశోధనలో పేరుగాంచెను. అయినను పటము వ్రాయువాని చేయి తనకు ముఖ్యమని తోచినదే వ్రాయును. కటకమునకు ఆ భేదము లేదు. గోడయు, గోడబీటయు, బీటలో మొలచిన మొక్కయు దానికి సమానమే.

అప్పటి పని నేటివలె సులభము కాదు. పలుచని కాగితమునకు కరగిన మైనము పట్టించి, అయొడైడు లవణముల నీటిలో నానవైచి, పిదప చీకటిగదిలో వెండి నైట్రేటు ద్రావణమున ముంచి ఆరబెట్టవలెను. ఆనాటి గాజుపలకలనైనచో తడి ఆరకమునుపే వాడవలసియుండెను. ఈ కాగితములను ముందుగనే సిద్ధపరచి వెంట గొనిపోవచ్చును. మన యెండలలో నదియొక మేలు. ఒక్కొక్క చిత్రమునకు నిమిషముల తరబడి కెమెరా కదలక నిలువవలెను. అందుచే నడచిపోవు మనుష్యులు చిత్రమున కందరు. కదలని రాయి మాత్రము నిలుచును.

రథముపై శిఖరమును పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున తొలగించిరి. కూలకుండ నిలుపుట వేరు, కూలునదని తీసివైచుట వేరు. ఈ రెంటిని మరమ్మతు అను నొక్క పద్దుక్రిందనే వ్రాయుట దస్త్రములలో పాతుకొనిన దోషము.

గ్రీన్‌లా కాగితములు చిరకాలము మరుగుపడియుండి 1980లో మరల వెలుగు చూచినవి. 1983లో జాన్ గాలింగ్స్ అను ఆస్ట్రేలియా ఛాయాచిత్రకారుడు హంపీకి వచ్చి, గ్రీన్‌లా కెమెరా నిలిపిన తావులను వెదకి, ఆ దృశ్యములనే మరల దీసెను. పాత చిఠ్ఠాను, క్రొత్త అడంగలును ప్రక్కప్రక్కన నుంచి సర్వే నంబరు వెంబడి సరిచూచినట్లు, ఆ జంట చిత్రములను చూచినవారికి నడుమ నూటయిరువదియేడేండ్లలో పోయినదేదియో, చేరినదేదియో తెలియును.

రథము ముందు నేడు రెండు ఏనుగులున్నవి. వాని వెనుక గుఱ్ఱముల కాళ్ల ఆనవాళ్లు కలవు. రథమును మొదట లాగినవి గుఱ్ఱములే. ఏనుగులను తరువాత నెవ్వరో తెచ్చి నిలిపిరి.