సాంఘికోద్యమాలు (తెలుగుదేశం)

ఒక ఆచారాన్నో పాలనా పద్ధతినో మార్చడానికి జనం కూడి చాలాకాలం సాగించే ప్రయత్నం సాంఘికోద్యమం. కొన్ని ఉద్యమాలు ఒక్క దురాచారాన్ని తొలగించి తక్కిన కట్టుబాటు జోలికి పోవు. కొన్ని కట్టుబాటునే కాదంటాయి. ఒకే సంస్థ మొదటి తెగ నుంచి రెండో తెగకు మారిన సందర్భమూ ఉంది.

పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడు (కులభేదం లేని సహపంక్తి భోజనం), వీరశైవుల కులనిరసన, వేమన పద్యాలు ఈ చరిత్రకు పూర్వరంగం.

సంస్కరణోద్యమానికి ఆద్యుడు కందుకూరి వీరేశలింగం (1848–1919). 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టి, అదే ఏడు ‘వివేకవర్ధని’ పత్రిక ప్రారంభించాడు. వితంతు వివాహాన్ని 1856 నాటి చట్టం ఒప్పుకున్నా, చేసుకున్నవారికి వెలి తప్పేది కాదు. 1879లో ఆయన ఈ విషయమై ఉపన్యాసాలిచ్చాడు. శాస్త్రాన్ని కాదనలేదు, శాస్త్రంలోనే ఇందుకు సమ్మతి ఉందని వాదించాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశాడు. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు పని మానుకోగా వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నీళ్లు మోసి వండిపెట్టింది. భర్త ఉపన్యాసాలకు దొరికినంత చోటు ఆమె బిందెకు చరిత్రలో దొరకలేదు.

హైదరాబాదులో 1906లో భాగ్యరెడ్డివర్మ స్థాపించిన జగన్మిత్రమండలి స్వభావం వేరు. ఇక్కడ ఎవరో వచ్చి ఉద్ధరించడం లేదు. అంటరానితనం అనుభవించినవారే ముందు నిలిచారు. 1917 బెజవాడ సభతో వారికి ‘ఆది ఆంధ్ర’ అనే పేరు స్థిరపడింది.

గ్రంథాలయోద్యమం పై రెండు తెగల్లోనూ ఇమడదు. అది దేన్నీ కూలదోయలేదు, ఊరూరా పుస్తకాలు చేర్చింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. దాని వెనుక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్య మరుసటి ఏడు ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక తెచ్చాడు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. 1935లో కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఇంత నిశ్శబ్దంగా ఇంత మేలు చేసిన ఉద్యమం తెలుగుదేశంలో మరొకటి అరుదు.

నైజాం రాజ్యంలో 1921లో ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. భాష, గ్రంథాలయాలు దాని తొలి పనులు. అదే ఆంధ్ర మహాసభగా మారి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటిసారి సమావేశమైంది. 1944 భువనగిరి సభలో చీలింది. రావి నారాయణరెడ్డి నాయకత్వంలోని వర్గం వెట్టిచాకిరిని, దొరల భూస్వామ్యాన్ని ఎదిరించింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో పోరాటం సాయుధరూపం దాల్చి 1951 వరకు సాగింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యత తరగతుల్లో కూడి సారా దుకాణం మూయించారు. వారు కోరింది సారా నిషేధం. 1993 అక్టోబరు 1న అది అమలైంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని ప్రభుత్వం 1997లో సడలించినా, సారాపై నిషేధాన్ని ఎత్తివేయలేదు.