కుంకుమభరిణె ఎవరిది?

జపాన్‌లో నారా ప్రాంతపు ఒమినే పర్వతం కింద ఒక చెక్క ద్వారం ఉంది. ఆడవాళ్లు ఇక్కడి నుంచి ముందుకు రాకూడదని అక్కడ రాసి ఉంటుంది. పవిత్ర పర్వతాల మీద ఈ నిషేధాన్ని మెయిజీ ప్రభుత్వం 1872లోనే ఎత్తివేసింది. ఒమినే మాత్రం మారలేదు. 2004లో యునెస్కో గుర్తింపు వచ్చాక కూడా ఆ ద్వారం అలాగే ఉంది. అక్కడి ఐతిహ్యంలో ఎన్ నో గ్యోజా అనే తపస్వి తన వెంట వచ్చిన కన్నతల్లినే కింద ఆపేశాడు.

మేడారం చిలకలగుట్ట కథ ఇందుకు ఎదురు. 2016 నుంచి 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనూ, ఆ తర్వాత ములుగు జిల్లాలోనూ ఉన్న ఊరిది. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయ సైన్యం వచ్చిందనీ, భర్త పగిడిద్దరాజు నేలకొరిగినా సమ్మక్క పోరాడిందనీ, వెనక నుంచి పోటు తిని ఈ గుట్టెక్కి మాయమైందనీ కోయల మౌఖిక చరిత్ర. వెతికినవాళ్లకు పుట్ట దగ్గర కుంకుమభరిణె దొరికింది. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఆమె గుట్ట దిగేటప్పుడు పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతమిస్తారు. రాజ్యాన్ని ఎదిరించిన స్త్రీకి రాజ్యమే వందనం చేస్తుంది!

అంతమాత్రాన సంబరపడలేం. గుట్ట మీదికి వెళ్లి ఆమెను తెచ్చేది మగ పూజారులే. గుడి అలికి ముగ్గు పెట్టే పని ఆడబిడ్డలది.

అయినా ఆ కుంకుమను గమనించాలి. భర్త పోయాక యుద్ధం చేసిన స్త్రీకి అదే గుర్తయింది. భర్త పోయినామెను పెళ్లిపందిట్లో వెనక్కి నెట్టే ఇళ్ల నుంచే లక్షలమంది మేడారం వెళ్తారు. నిలువెత్తు బంగారమని బెల్లం తూచి ఇస్తారు. మొక్కి వచ్చాక సొంత ఇంటి గుమ్మంలో ఆ మనిషిని ఎక్కడ నిలబెడుతున్నారు?