చదరంగపు గళ్లు – లెక్కల పోటీలు

విజయవాడనుండి హైదరాబాదు పోవు బాటలో నందిగామ దాటిన పిమ్మట జగ్గయ్యపేట వచ్చును. ఒకప్పటి కృష్ణాజిల్లా మెట్టసీమయైన ఈ ప్రాంతము 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. ఊరి చెంతనున్న బౌద్ధస్తూపమున క్రీ.శ. మూడవ శతాబ్దినాటి ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని శాసనమొకటి దొరకినది. సిద్ధార్థుడను శిల్పి మహాచైత్యపు తూర్పుద్వారమున ఐదు ఆయకస్తంభములను నిలిపినట్లు అందు కలదు. రాజ్యవర్షము 20, పక్షము 8, దినము 10 అని కాలమును చెక్కించిరి. ఆ అంకెలలో సున్న లేదు. ఇరువదికొక గుర్తు, పదికి వేరొక గుర్తు.

స్తంభములను లెక్కించుటకు సున్నతో పనిలేదు. చదరంగపు లెక్కకు మాత్రము అది కావలెను. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గళ్లు నింపిన మొత్తమెంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెల ఈ సంఖ్యను తెలుగున ఒక్క పద్యములో బంధించిన ఖ్యాతి పావులూరి మల్లనది. మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును తెనిగించినవాడాయన. శరమనగా 5, శశి యనగా 1, గగనమనగా సున్న. అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుకొనవలెను. ఒక్క పదము జారినను గణములు చెడును గనుక లెక్కకు ఛందస్సే కావలి.

నేటి కంప్యూటరులో ఒక సంఖ్యకు సాధారణముగా అరువదినాలుగు బిట్ల చోటుండును. రుణసంఖ్యలను విడిచినచో అందు పట్టు గరిష్ఠసంఖ్య సరిగా మల్లన చెప్పినదే! దానికి ఒకటి కలిపిన సున్న యగును. ప్రోగ్రామింగు పోటీలలో ఈ సంగతి మరచిన విద్యార్థికి దారి సరియైనను జవాబు తప్పును. అంతర్జాతీయ కళాశాలల పోటీలో ముగ్గురు విద్యార్థులకు ఒక కంప్యూటరు, ఐదుగంటల గడువు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ విద్యార్థులు దాని తుదిపోటీలకు వెళ్లియున్నారు.

అచట గెలిపించునది శ్రమ కాదు, మార్గము. అరువదినాలుగు మారులు రెట్టింప నక్కరలేదు. రెంటిని రెంటితో హెచ్చవేసిన 4. నాలుగును నాలుగుతో హెచ్చవేసిన 16. అట్లే 256, 65,536, 4,29,49,67,296. దీనిని మరల దానితోనే హెచ్చవేసిన ఆరవమెట్టున పని ముగియును. అందుండి ఒకటి తీసివేసిన గింజల మొత్తము వచ్చును. ఛందశ్శాస్త్రకర్త పింగళుడు వృత్తముల సంఖ్య కనుగొనుటకు చెప్పిన దారి ఇట్టిదే.

మేము బాల్యమున మల్లన పద్యమును వల్లించితిమి. ఆ సంఖ్య ఎట్లు వచ్చెనని మాత్రము అడుగలేదు. జవాబు కంఠస్థమైనది, దారి చేజారినది. పద్యమును పిల్లలకు నేర్పుడు. వెంటనే కాగితమిచ్చి ఆ ఆరుమెట్లును ఎక్కింపుడు. చివర ఒకటి తీసివేయుట మరువకుండునట్లు చూడుడు.