తూర్పుకనుమలు - సముద్రపు గాలివానలు

ఆంధ్రతీరమున శరద్ధేమంతములయందు వీచిన గాలివానల చరిత్ర యంతయు నోడరేవులలో వ్రాయఁబడినది. కోరంగి, మచిలీపట్టణము, దివిసీమ, విశాఖపట్టణము - ఈ పేళ్లే గ్రంథములఁ గానవచ్చును. ఓడ లెన్ని మునిఁగెనో, నీ రెంతదూరము పొర్లి వచ్చెనో, జను లెందఱు మడసిరో రేవులందలి యధికారులు లెక్కించి యుంచిరి. ఆ గాలియే మఱునాఁటికి నరకులోయను, అనంతగిరిని, పాడేరు మన్యమును జేరి యేమి చేసెనో యా లెక్కలలో లేదు. కొండలపై లెక్క వ్రాయువాఁడు లేఁడు గనుక నక్కడ నేమియు జరుగలేదని యెంచుట చరిత్రకారుల కలవాటైనది. సముద్రమునఁ బుట్టిన తుపానునకుఁ గొండలతోఁ గల సంబంధము, పోటుపాట్లతోఁ గల సంబంధమున కేమియుఁ దీసిపోదని చూపుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మొదట శబ్దములను గూర్చి కొంత విచారింపవలసి యున్నది. సముద్రజలము దినమునకు రెండుమాఱులు లేచును, రెండుమాఱులు దిగును. లేచుట పోటు, దిగుట పాటు. 'పొడుచు' ధాతువునకు లేచుట యను నర్థము గలదు. ప్రొద్దు పొడుచుట యందఱెఱిఁగినదే. దానినుండి 'పోటు', 'పడు' ధాతువునుండి 'పాటు' ఏర్పడినవి. ఉప్పెన యీ రెంటికంటె వేఱు. పోటు సూర్యచంద్రుల యాకర్షణమువలనఁ గలుగునది, ముందుగా గణింపఁదగినది. ఉప్పెన గాలివలనఁ గలుగునది, పంచాంగమునకు లొంగనిది. ఈ భేదమును బాటింపక రెంటిని నొకటిగాఁ గలిపి వ్రాయుటచేతఁ బాతకథలు పెక్కులు చిక్కుపడినవి. సంస్కృతమున 'వేలా' శబ్దమునకు సముద్రజలవికారము, కాలము, మర్యాద యను మూఁడర్థములను అమరసింహుఁడు చెప్పి యున్నాఁడు. సముద్రుఁడు వేల నతిక్రమింపఁ డనుట కవిసమయము. రాజు ధర్మము దప్పఁడని చెప్పవలసినపుడెల్ల దీనినే యుపమానముగాఁ దెత్తురు. బందరు వారికడ నీ యుపమానము చెల్లదు.

రక్తాక్షి సంవత్సరమున, అనఁగా 1864 నవంబరు 1 వ తేదీ రాత్రి, మచిలీపట్టణముపై వచ్చిన యుప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరి. ఆ తిథి గమనింపఁదగినది. అక్టోబరు 30 వ తేది యమావాస్య, దీపావళి. అది గడచి రెండుదినము లైనది. అమావాస్యా పూర్ణిమలు గడచిన యొకటి రెండు దినములకుఁ బోటు మిక్కిలి హెచ్చుగా నుండునని తీరమునఁ బల్లెవాండ్రందఱు నెఱుఁగుదురు. ఉప్పెన యట్టి పెద్దపోటు దినములలో వచ్చినది. అంతకుముందు సౌమ్య సంవత్సరమున, 1789 డిసెంబరులో, గోదావరీముఖమునందలి కోరంగిని మూఁడు పెద్దకెరటములు ముంచివేసెను. అప్పుడును సముద్రము నిండుపోటుమీఁద నున్నదని చెప్పఁబడినది; సుమారు 20 వేలమంది చనిపోయిరని ప్రసిద్ధి. వికారి సంవత్సరము 1839 నవంబరు 25 వ తేదీన నదే కోరంగిపై మఱియొక యుప్పెన వచ్చెను. ఇందు మూఁడులక్షలమంది మరణించిరనియు, ఇరువదివేల యోడలు నశించెననియు గ్రంథమునుండి గ్రంథమునకు వ్రాసికొనుచు వచ్చుచున్నారు. ఈ సంఖ్యలు నమ్మఁదగినవి గావు. కోరంగివంటి రేవున నిరువదివేల యోడలు నిలుచుటకుఁ జోటే లేదు. మొదట నెవరో యతిశయోక్తిగా వ్రాసిన దానిని వెనుకటివారు పరీక్షింపక యెత్తి వ్రాసిరనుట స్పష్టము.

అట్లని ప్రతి యుప్పెనకును జంద్రుఁడే తోడని యనరాదు. పింగళ సంవత్సరము 1977 నవంబరు 19 వ తేదీన దివిసీమపై వచ్చిన యుప్పెన శుద్ధాష్టమి ప్రాంతమున వచ్చినది. అది పోటు మిక్కిలి తక్కువగా నుండు కాలము. అయినను సముద్రము సుమారు అయిదు మీటర్లెత్తున నేలపైఁ బడెను. పదివేలమందికి లోపముగాక మరణించిరి. పోటు దానికిఁ దోడ్పడలేదు. తోడ్పడియున్నచో నెంతయై యుండెడిదో యూహింపవచ్చును.

ఉప్పెన కెక్కువతక్కువలు గలుగుటకు సముద్రపు లోఁతు ముఖ్యకారణము. కోరంగి, దివిసీమల యెదుట సముద్రము చాలదూరమువఱకు మెరకగా నుండును. గాలి త్రోసికొని వచ్చిన నీరు క్రిందుగాఁ దిరిగిపోవుటకుఁ దావు లేక పైకి లేచును. విశాఖపట్టణము నెదుటనో, మెరక సన్ననిది. కొంచెము దూరముననే లోఁతు వచ్చును. కావున నచ్చట నుప్పెన యంత యెత్తు లేవదు. దీనినిబట్టి విశాఖపట్టణమునకుఁ దుపాను భయము తక్కువయని వెనుకటి వారు తలఁచిరి. ధాత సంవత్సరమున, 1876 అక్టోబరులో, విశాఖపట్టణముపైఁ గొట్టిన తుపానే యందులకు దృష్టాంతము. అదే నెల చివర వంగదేశమున బాకరుగంజు నుప్పెన ముంచి లక్షజనమును బొట్టఁబెట్టుకొన్నది. జాన్ ఎలియట్ అను దొర యీ రెండు తుపానులను గూర్చి యొకే నివేదిక వ్రాసి 1877 లోఁ బ్రకటించెను. జనుల జ్ఞాపకమున నిలిచినది బాకరుగంజు తుపానే. తెనుఁగువారికి ధాత యనఁగాఁ గఱవే గాని గాలివాన స్ఫురింపదు.

విశాఖపట్టణమున నప్పటికే శాస్త్రదృష్టి గల వారు లేకపోలేదు. గోడే వెంకట జగ్గారావుగారు 1840 లోనే యచట వేధశాలను నెలకొల్పిరి. వారి యల్లుఁడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని బెంచి నడపిరి. కాని యా యంత్రములు సముద్రతీరముననే యుండినవి. కనుమలు దాఁటి యవ్వలి వాన యెంతయో కొలుచు పాత్ర లేదు.

కనుమల స్వరూపము నిచటఁ జెప్పవలసి యున్నది. తూర్పుకనుమలు తీరమున కించుమించు సమానాంతరముగా నీశాన్యమునుండి నైరృతికిఁ బోవుచున్నవి. విశాఖపట్టణము నొద్ద వాని పాయలు సముద్రములోనికే చొచ్చుకొని వచ్చినవి. యారాడకొండయుఁ, గైలాసగిరియు నట్టివే. అచటినుండి పడమరగాఁ బోయినచో నేల క్రమముగా లేచి యనంతగిరికడ నొక్కుమ్మడిగా గోడవలె నిలుచును. అరకులోయ సముద్రమట్టమునకు 900 మీటర్ల పైచిలు కెత్తున నున్నది. ఆ ప్రాంతమునందలి యార్మకొండ సుమారు 1680 మీటర్లు. అరకు దారిలోఁ గానవచ్చు నొక శిఖరమునకు గాలికొండ యని పేరు. సముద్రమునుండి తడిగాలి వచ్చి యీ గోడకుఁ దగిలి పైకెక్కును. ఎక్కిన కొలఁది చల్లఁబడును. చల్లఁబడిన కొలఁది వర్షించును. తుపాను గాలికి బలము తీరమున నెక్కువ; వానకు బలము కొండమొదటఁ నెక్కువ.

ఈ కొండలపైఁ గురిసిన వాన రెండుగాఁ జీలుచున్నది. తూర్పువాలున పడినది గోస్తని, శారద, వరాహ, తాండవ మున్నగు పొట్టినదులఁ గూడి సముద్రమునకు వడిగాఁ దిగును. గోస్తని యనంతగిరి ప్రాంతమునఁ బుట్టి, బొఱ్ఱాగుహల క్రిందుగాఁ బోయి, భీమునిపట్టణమునఁ గలియుచున్నది. పడమటివాలున పడినది మాచ్‌ఖండులోఁ జేరును. అదియే దిగువను సీలేరనిపించుకొనును. సీలేరు శబరిలోను, శబరి కూనవరముకడ గోదావరిలోను గలియును. అరకుకొండల యొక్కవర్షము, ఒకపాయ యొకటి రెండు దినములకు భీమిలిని, మఱియొకపాయ యెన్నో దినములకుఁ గోరంగి ప్రాంతమును జేరుచున్నది. రెండుమాఱులు మునిఁగిన యా రేవునకుఁ గొండలతో నింతదూరపుఁ జుట్టఱికము గలదని యెవరును దలఁచి యుండరు.

ఈ చుట్టఱికము ప్రత్యక్షముగాఁ గానవచ్చినది జయ సంవత్సరమున. 2014 అక్టోబరు 12 వ తేదీ మధ్యాహ్నమున హుద్‌హుద్ అను తుపాను విశాఖపట్టణముకడఁ దీరము దాఁటెను. ఓమను దేశమువా రిచ్చిన పేరిది. యొక పక్షి పేరు. నడుమ నొత్తిడి 950 మిల్లీబారులకు దిగినది; గాలి గంటకు 180 కిలోమీటర్లకు సమీపించినది. ఓడరేవులోని పోటుమాపకమున, గణితసిద్ధమైన పోటుకంటె 1.4 మీటరు నీరు హెచ్చుగాఁ గానవచ్చెను. పూర్ణిమ గడచి నాలుగు దినము లైనందునఁ బోటు తగ్గుచున్న కాలమది. ఒత్తిడి యొక మిల్లీబారు తగ్గినచో నీ రించుమించొక సెంటీమీటరు లేచును. సాధారణమైన యొత్తిడికంటె నఱువది తగ్గినది గావునఁ దుపాను నడుమ నఱువది సెంటీమీటర్లు వాయువు పైకిఁ బీల్చినది. తక్కినది గాలి త్రోపుడు. దివిసీమ యుప్పెనతోఁ బోల్చిన నిది స్వల్పమే.

కాని వాన లెక్కఁ జూచిన వేఱుగాఁ దోఁచును. మఱునాఁటి యుదయమునకు ముగిసిన యిరువదినాలుగు గంటలలో నెల్లచోటులకంటె నెక్కువ వాన, 38 సెంటీమీటర్లు, విజయనగర మండలమందలి గంట్యాడలోఁ గురిసినది. గంట్యాడ సముద్రతీరమున లేదు, కొండమొదట నున్నది. గోస్తనికిఁ గట్టిన తాటిపూఁడి జలాశయ మా పరిసరముననే కలదు. తుపానుగాలి మన గోళార్ధమున నప్రదక్షిణముగాఁ దిరుగును. హెన్రీ పిడ్డింగ్టను 1848 లోఁ దన గ్రంథమునఁ దుపానునకుఁ బాముచుట్ట యను నర్థము వచ్చు గ్రీకుపదమునుండి 'సైక్లోను' అని పేరిడుట యీ తిరుగుడును జూచియే. కావునఁ దుపాను పడమరకు నడచునపుడు దాని కుత్తరపు ప్రక్క గాలి సముద్రమునుండి నేలకును, దక్షిణపుఁ బ్రక్క నేలనుండి సముద్రమునకును వీచును. భీమునిపట్టణము విశాఖకు నుత్తరము. అట్టిచోట నొకవంక సముద్రము నదీముఖమును ద్రోయుచుండఁగా, మఱియొకవంకఁ గొండవాన నదిలో దిగును. ఉప్పెన కొన్ని గంటలలోఁ దీయును. కొండవఱద యా వెనుక వచ్చును. అప్పుడు మరలఁ బెద్దపోటు దినమైనచో నీటికి దారి యుండదు. తిథిని జూడవలసినది తుపాను దినమునకు మాత్రమే కాదు, మఱునాఁటికిని జూడవలెను.

అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతముల నష్టము మఱియొక విధము. అక్టోబరు నెల మన్యమునఁ బంటల నెల. సామలు కోఁతకు వచ్చును. చోళ్లు గింజ గట్టును. వలిసెలు పూఁతకు సిద్ధమగును. కాఫీ కాయలు పండుటకు నింకను నెల యుండును. కొండదొరలు, బగతలు, పోర్జలు, గదబలు మున్నగు కొండజాతుల వారికిఁ గాఫీయే రొక్కము తెచ్చు పంట. ఆ మొక్క నీడలేక పెరుగదు. నీడకొఱకుఁ బెంచినవి సిల్వరు ఓకు చెట్లు. వానికి మిరియపుఁ దీఁగెలు ప్రాఁకించుట వాడుక. ఆస్ట్రేలియానుండి తెచ్చిన యా చెట్లు నిలువుగాఁ బెరుగును, త్వరగాఁ బెరుగును. హుద్‌హుద్ గాలికి నవి తోఁటలకుఁ దోఁటలే కూలెను. కూలిన చెట్టు క్రింది కాఫీమొక్కను నలిపెను; కూలని మొక్కకు నీడ లేకపోయెను. వరిచేను మునిఁగినచో మఱుసటియేఁడు నాటవచ్చును. నీడచెట్టు ఎదుగుట కేండ్లు పట్టును. నష్టపరిహార మొక్క పంటకుఁ గట్టి చూచుట తీరపుఁ గొలఁతతోఁ గొండను గొలుచుటయే.

ఆ తుపాను కనుమలు దాఁటి బలము దప్పియు నుత్తరముగా నడచెను. రెండవనాఁడు, అక్టోబరు 14 వ తేదీన, నేపాళమున నన్నపూర్ణా పర్వతప్రాంతముపై నదే తేమ మంచుగాఁ బడి నలువదిమందికిఁ బైగా యాత్రికులను, దారిచూపువారిని జంపినది. అండమాను సముద్రమునఁ బుట్టిన గాలి హిమాలయమున మంచై ముగిసినది.

విళంబి సంవత్సరమునందలి తిత్లీ తుపాను నింతకంటెను ముఖ్యముగా నెన్నవలెను. 2018 అక్టోబరు 11 వ తేది వేకువను శ్రీకాకుళ మండలమున బలాసకడ నది తీరము దాఁటెను. అక్టోబరు 9 వ తేది యమావాస్య. అనఁగా 1864 లో మచిలీపట్టణమునకుఁ బట్టిన తిథియే దీనికిని బట్టినది. అమావాస్య గడచి రెండవదినము, పెద్దపోటు కాలము. అయినను బందరు కథ మరలఁ గాలేదు. 1864 నాఁటి తుపానుల తరువాతనే రేవులలో హెచ్చరికలు మొదలై, 1875 లో భారత వాతావరణశాఖ యేర్పడినది. ఆ వ్యవస్థ నూటయేఁబది యేండ్లలోఁ బెరిఁగి, తీరవాసులను లక్షలకొలఁది ముందుగానే లేపి సురక్షితస్థలములకుఁ జేర్చినది. సముద్రమువలనఁ బ్రాణనష్టము మిక్కిలి తగ్గినది.

చావు కొండలలో సంభవించెను. ఒరిస్సాలోని గజపతి మండలము తూర్పుకనుమల నడుమ నున్నది. సవరలు మున్నగు కొండజాతులవా రధికముగా నుండు తావు. అచట బరఘర యను గ్రామమునఁ గొందఱు వానకుఁ దాళలేక కొండగుహవంటి తావునఁ దలదాఁచుకొనిరి. కొండచఱియ విఱిగి వారిపైఁ బడెను. పదిమందికిఁ బైగా, పిల్లలతోఁ గూడ, నచటనే మరణించిరి. ఒరిస్సాలో నా తుపాను ప్రాణనష్టమునకుఁ బాలెక్కువ పొందినది తీరమండలము గాదు, ఈ కొండమండలమే.

బరఘర వారికి హెచ్చరిక రాలేదనుట కాదు. వచ్చిన హెచ్చరిక గాలినిగూర్చి, కెరటములనుగూర్చి. తీరమున నుండువానికిఁ బల్లమునుండి మెరకకుఁ బొమ్మని చెప్పిన నర్థమగును. మెరకమీఁదనే యున్నవానికి నామాట యేమి చెప్పును? నానిన మట్టి యెంతవానకు జాఱునో, ఏ వాలున నెవరి యిండ్లున్నవో తెలిసినఁగాని వానికి హెచ్చరిక చెప్పుట పొసఁగదు. దానికి వలయు వానలెక్కలు కొండలమీఁదనే, యేండ్లతరబడి, వ్రాయఁబడవలెను. రేవుల నా పని 19 వ శతాబ్దిలోనే మొదలైనది. తిత్లీ లెక్కలలో నిప్పటికిని బలాసకడఁ దీరము దాఁటిన తుపానుగానే యున్నది. బరఘర పేరు మృతుల పట్టికలో మాత్రమే కానవచ్చును.