పదమూడున్నర రోజుల కొలత

అనంతపురం మెట్టలో శెనక్కాయ రైతును విత్తనం ఎప్పుడని అడిగితే తేదీ చెప్పడు, నెల పేరూ ఎత్తడు. పునర్వసులోనో పుష్యమిలోనో అంటాడు, అదీ పదునైతేనే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే ఈ నేల మీద కాలానికి కొలత కార్తె.

నెల ఎందుకు పనికిరాలేదంటే, చాంద్రమాసం 29.53 రోజులు. పన్నెండు కలిపినా 354కు కాస్త పైన. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తరుగు. ఆ తరుగు పూడ్చడానికే సుమారు 32 నెలలకోసారి అధికమాసం వస్తుంది. 2022లో శ్రావణం జూలై 29న మొదలైంది. 2023లో అధికం గడిచాక నిజ శ్రావణం వచ్చేసరికి ఆగస్టు 17. పండగైతే ఎప్పుడొచ్చినా చేసుకుంటాం, విత్తనం అలా ఆగుతుందా?

అశ్విని మొదలు రేవతి దాకా 27 నక్షత్రాలు తొలుత చంద్రుడి మజిలీలు. రోజుకొకటి చొప్పున 27 రోజుల చిల్లరలో ఆయన చుట్టి వస్తాడు. సూర్యుడు అదే దారిని ఏడాదిలో నడుస్తాడు కాబట్టి పూర్వులు ఆ పేర్లే ఆయనకూ వాడారు. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలమే కార్తె. ఏడాదికి 366 రోజులు పట్టుకున్న వేదాంగ జ్యోతిషం, ఒక్కో నక్షత్రంలో సూర్యుడుండేది 13 రోజులూ, రోజులో తొమ్మిదింట అయిదు వంతులూ అని తేల్చింది. నేటి లెక్క 13.53. తేడా నలభై నిమిషాలు!

పంటకు ఈ కొలత చక్కగా అతుకుతుంది. పునర్వసు ఇంచుమించు జూలై 6న వస్తుంది. అప్పుడు వేసిన 110 రోజుల శెనక్కాయకు ఎనిమిది కార్తెలు; చిత్త వెళ్లేసరికి పీకుడు. మూడు కార్తెలు దాటితే ఊడలు నేలలోకి దిగే దశ, అంటే మఖ. మఖ, పుబ్బలు రెండూ వరపైతే 27 రోజులు చుక్క పడనట్టే. కాయ ఊరదు. ఇక్కడి కరువు చాలాసార్లు ఈ రెండు కార్తెల్లోనే తేలిపోతుంది.

ఈ కొలతకూ ఒక లొసుగుంది. కార్తె నక్షత్రాన్ని పట్టుకుని నడుస్తుంది, రుతువు విషువత్తును పట్టుకుని నడుస్తుంది. రెంటికీ సుమారు 70 ఏళ్లకు ఒక రోజు ఎడం పెరుగుతుంది. లేపాక్షి ఆలయం లేచిన అచ్యుతదేవరాయల కాలం నుంచి చూస్తే వారం, అంటే అర కార్తె జరిగింది. కార్తె సామెతలను అక్షరాలా నమ్మేవారు ఈ జరుగుడును లెక్కలో వేసుకోవాలి.

వాతావరణ శాస్త్రజ్ఞులు ఏడాదిని 52 ప్రామాణిక వారాలుగా విడగొట్టి వాన లెక్క రాస్తారు. వాళ్ల పనికి అది సరే. రైతుకు చేరే సలహాలో మాత్రం తేదీ పక్కన కార్తె పేరు కూడా వేయండి. ఆ కాగితం చదివే మనిషి కాలాన్ని దానితోనే కొలుస్తున్నాడు.